ఇరవై అంకెల వడ్ల లెక్క

బీటెక్ అయిన ఏడాది విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ ఆఫీసుకి ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్రశ్న పాతదే. చదరంగం పలక మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు... అలా 64 గడులకీ రెట్టిస్తూ పోతే మొత్తం ఎన్ని? సి లాంగ్వేజ్‌లో రాయమన్నారు. రెండు నిమిషాల్లో లూప్ రాసేశా. రన్ చేస్తే స్క్రీన్ మీద -1! గింజలు రాకపోగా రాజుగారికి మనమే ఒకటి బాకీ అన్నమాట. ‘ఎందుకలా వచ్చింది?’ అన్నారు. నోరు పెగల్లేదు. ఉద్యోగమూ రాలేదు.

అసలు జవాబు 18446744073709551615. అంటే 2 టు ది పవర్ 64 లోంచి ఒకటి తక్కువ. బైనరీలో రాస్తే వరుసగా 64 ఒకట్లు. చిక్కంతా అక్కడే. నేను వాడిన ఇంట్‌లో పట్టేది 32 బిట్లే. అన్నీ ఒకట్లే ఉంటే సైన్డ్ టైప్ దాన్ని -1 గా చదువుతుంది. లాంగ్ లాంగ్‌కి మార్చినా అదే -1. (మామూలు కంపైలర్ల సంగతి ఇది. సైన్డ్ ఓవర్‌ఫ్లోకి ఫలానా జవాబే రావాలని సి ప్రమాణంలో హామీ లేదు. ఈ మాట ఇంటర్వ్యూలో చెప్పగలిగితే మంచిది.) అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్ అంటేనే సరైన సంఖ్య వస్తుంది. మన కంప్యూటర్లలో ఆ టైప్‌కి పట్టే అతి పెద్ద సంఖ్య కూడా సరిగ్గా ఇదే. డబుల్ వాడారా, చివరి 5 కాస్తా 6 అయిపోతుంది. దాని కచ్చితత్వం 53 బిట్ల వరకే మరి.

ఇంటికొచ్చి తాతయ్యతో చెప్తే నవ్వారు. ‘అది పావులూరి మల్లన ఎప్పుడో చెప్పేశాడురా అబ్బాయ్’ అన్నారు. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన కవి ఆయన. ఆయన పేరుతో చెప్పుకునే పద్యంలో ఒక్క అంకె కూడా కనపడదు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలెట్టి ఎడమకి రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ తప్పు లేకుండా వస్తాయి. మా తాతయ్య కృష్ణా డెల్టా రైతు కదా, వెంటనే తూకం అడిగారు. వెయ్యి గింజలు 20 గ్రాములనుకుంటే సుమారు 37 వేల కోట్ల టన్నులు. ప్రపంచం మొత్తం ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నుల దగ్గర. అంటే 460 ఏళ్ల పంట!

ఆప్టిట్యూడ్ పేపర్లోనూ ఈ సంఖ్య తగులుతుంది. ‘17తో భాగిస్తే శేషమెంత?’ అని. భాగహారం జోలికి పోకండి. స్కూల్లో నేర్చుకున్న ఎ స్క్వేర్ మైనస్ బి స్క్వేర్ సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 ల లబ్ధంగా విడిపోతుంది. శేషం సున్నా. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా నమ్మాడు. చివరిది మాత్రం 641, 6700417 ల లబ్ధమని 1732లో ఆయిలర్ తేల్చాడు. అంటే మొత్తం ఏడు వేర్వేరు ప్రధాన కారణాంకాలు. ఏదీ రెండోసారి రాదు కాబట్టి భాజకాలు 2 టు ది పవర్ 7, అంటే 128.

ఇంటికెళ్లాక ఒకటి చేసి చూడండి. ఈ సంఖ్యని అన్‌సైన్డ్ లాంగ్ లాంగ్‌లో పెట్టి ఒకటి కలపండి. సున్నా వస్తుంది. 64 బిట్ల మీద ఇది మాత్రం సి ప్రమాణం హామీ ఇచ్చిన జవాబే.