ముట్లు ఆగే వయసులో వేడి ఆవిర్లు: తల్లులు తెలుసుకోవలసినవి



ఆ మధ్య స్త్రీల కూటమిలో ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. బీపీ గురించి, షుగరు గురించి చెప్పాను. అందరూ వెళ్ళిపోయాక నాచారంలో కుట్టుపనికి వెళ్ళే ఒక తల్లి మాత్రం ఆగిపోయింది. ఆమెకు 44 ఏళ్ళు. మెల్లగా అడిగింది: "సిస్టరమ్మా, మిషను మీద కూసున్నప్పుడు ఉన్నట్టుండి ఛాతీల నుంచి ముఖం దాకా మంట లేస్తది. జాకెట్టు తడిసిపోతది. నెలసరి కూడా మూడు నెలలకోసారి వస్తున్నది. గర్భసంచి తీపించుకుంటే అంతా పోతదని మా వాడకట్టోళ్ళు అంటున్నరు. నిజమేనా?"

"నిజం కాదు తల్లీ" అన్నాను. ఎందుకు కాదో ఆమెకు చెప్పిన సంగతులే ఈ నెల మీ అందరికీ రాస్తున్నాను.

వేడి ఆవిరి అంటే ఏమిటి?

ఛాతీలోనో మెడ దగ్గరో ఒక్కసారిగా వేడి పుట్టి ముఖానికి, తలకు ఎక్కుతుంది. ముఖం కందిపోతుంది, గుండె దడదడలాడుతుంది, చెమట పోస్తుంది. ఒకటి నుండి అయిదు నిమిషాల్లో తగ్గిపోతుంది. తర్వాత కొందరికి చలి వేస్తుంది. రాత్రిపూట వస్తే పక్కబట్టలు తడిసి నిద్ర చెడిపోతుంది. నిద్ర చాలకపోతే మరునాడు చిరాకు, మతిమరుపు, పని మీద మనసు నిలవకపోవడం ఉంటాయి.

మన దేశంలో స్త్రీలకు సగటున 46, 47 ఏళ్ళకు ముట్లు ఆగిపోతున్నాయి. పాశ్చాత్య దేశాల్లో ఇది 51 ఏళ్ళు. వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే దానిని మెనోపాజ్ అంటాము. దానికి ముందు కొన్నేళ్ళ పాటు నెలసరి వెనకా ముందూ అవుతుంది. వేడి ఆవిర్లు చాలామందికి ఈ కాలంలోనే మొదలవుతాయి.

ఎందుకు వస్తాయి?

స్త్రీకి కడుపులో గర్భసంచికి ఇరువైపులా రెండు అండాశయాలు ఉంటాయి. ఈస్ట్రోజన్ అనే హార్మోను ఎక్కువగా వాటిలోనే తయారవుతుంది. వయసుతో అది ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ అవుతూ చివరకు తగ్గిపోతుంది.

మన మెదడులో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉంటుంది. ఇస్త్రీపెట్టె బాగా వేడెక్కితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది కదా, ఇదీ అలాంటిదే. ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు ఈ ఏర్పాటు సున్నితమైపోతుంది. ఒంటి వేడి రవ్వంత పెరిగినా ఎక్కువ వేడి అయిందనుకుని, చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, చెమట పట్టిస్తుంది. మనకు ఆవిరి లేచినట్టు అనిపించేది అదే. ఒంట్లో ఏదో చెడు రక్తం మరగడం వల్ల వచ్చేది కాదు. గర్భసంచి పాడై వచ్చేదీ కాదు.

ఎన్నాళ్ళు ఉంటాయి?

అందరికీ ఒకేలా ఉండవు. కొందరికి అసలు రావు. కొందరికి ఏడాది, రెండేళ్ళలో పోతాయి. అమెరికాలో స్వాన్ అనే పెద్ద అధ్యయనం 2015లో చెప్పిన ప్రకారం, తరచుగా ఆవిర్లు వచ్చే స్త్రీలలో అవి సుమారు ఏడేళ్ళకు పైగా ఉన్నాయి. అందుకే "ఓర్చుకో, నాలుగు రోజుల్లో పోతుంది" అని ఎవరినీ ఊరుకోబెట్టకూడదు. బాధ ఎక్కువగా ఉంటే వైద్యం ఉంది.

గర్భసంచి తీయిస్తే తగ్గుతాయా?

తగ్గవు. ఈస్ట్రోజన్‌ను తయారుచేసేది అండాశయాలు. గర్భసంచి తీస్తే ముట్టు రక్తం ఆగుతుంది కాని ఆవిర్లు ఆగవు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే, కొన్నేళ్ళలో మెల్లగా తగ్గవలసిన హార్మోను కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ఆవిర్లు మరింత ఎక్కువగా వస్తాయి. చిన్న వయసులో అలా జరిగితే ఎముకలు బలహీనపడతాయి, గుండెజబ్బు ప్రమాదం కూడా పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరిలో అవి రావలసిన వయసుకంటే ముందే పని మానేస్తాయి.

ఈ మాట నేను పుస్తకం చూసి మాత్రమే చెప్పడం లేదు. మా సొంత అక్కకు 36 ఏళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని వేరే ఊరిలో ఆపరేషన్ చేశారు. వారం తిరగకముందే ఒళ్ళంతా సెగలు. అండాశయాలు తీశారో ఉంచారో ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఇచ్చిన కాగితంలోనూ లేదు. తర్వాత స్కానింగ్ తీయిస్తే రెండూ లేవు. నేను నర్సునై ఉండి కూడా ముందుగా ఒక్క మాట అడగలేకపోయానని నాకు ఇప్పటికీ బాధే.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది, తెలంగాణలో సుమారు 8 మంది ఉన్నారు. అవసరం లేని ఇలాంటి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలన్నీ వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది.

ఈ ఆపరేషన్ నిజంగా అవసరమయ్యేవారు ఉన్నారు. క్యాన్సర్ ఉన్నప్పుడు, మందులకు లొంగని అధిక రక్తస్రావం ఉన్నప్పుడు, పెద్ద గడ్డలతో బాధపడుతున్నప్పుడు డాక్టరు చెబితే భయపడకండి. కాని ఒప్పుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి: నా జబ్బు పేరేమిటి? మందులతో గాని వేరే పద్ధతిలో గాని నయం కాదా? అండాశయాలు ఉంచుతారా, తీస్తారా? జవాబులు కాగితం మీద రాయించుకోండి. వీలైతే రెండో డాక్టరును కూడా అడగండి.

ఇంట్లోను, పనిలోను ఏమి చేయాలి?

మన ఉప్పల్, నాచారం వైపు చాలామంది రేకుల ఇళ్ళలో ఉంటారు. వేసవిలో ఆ వేడికి ఈ వేడి తోడైతే చాలా కష్టం.

- పల్చని నూలు బట్టలు కట్టుకోండి. రాత్రి తలదగ్గర ఒక తడిగుడ్డ, మార్చుకోవడానికి ఒక జాకెట్టు పెట్టుకోండి.
- కుండ నీళ్ళు, మజ్జిగ దగ్గర ఉంచుకోండి. కంపెనీలో మూత్రానికి వెళ్ళవలసి వస్తుందని నీళ్ళు మానకండి.
- కారం, వేడి వేడి టీ, కాఫీ మీకు ఆవిరి తెప్పిస్తున్నాయేమో ఒక వారం గమనించండి. తెప్పిస్తుంటే తగ్గించండి, లేకపోతే మానవలసిన పని లేదు.
- బరువు ఎక్కువ ఉంటే కొంచెం తగ్గించండి. దీనివల్ల ఆవిర్లు తగ్గుతాయి. బీడీ, చుట్ట తాగేవారు తప్పక మానాలి.
- రోజూ అరగంట నడవండి. రాగి జావ, పాలు, నువ్వులు తీసుకోండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇది ఎముకల కోసం.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఫ్యాను, తడిగుడ్డ, నడక మనకు హాయినిస్తాయి, కాని ఆవిర్లు రావడాన్నే ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదు. అందుచేత ఇవన్నీ చేసినా తగ్గకపోతే తప్పు మీది అనుకోవద్దు, డాక్టరు దగ్గరకు రండి.

మందులు ఉన్నాయా?

ఉన్నాయి. అన్నిటికంటే బాగా పనిచేసేది హార్మోను చికిత్స. 2002లో అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం కొంత పెరిగినట్టు తేలడంతో ప్రపంచమంతా ఈ మందులంటే భయపడింది. అయితే ఆ పరిశోధనలో ఉన్నవారి సగటు వయసు 63 ఏళ్ళు. 60 ఏళ్ళ లోపువారికి, ముట్లు ఆగి పదేళ్ళు దాటనివారికి సాధారణంగా కీడుకంటే మేలు ఎక్కువని తర్వాతి పరిశీలనల్లో తెలిసింది. గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరోన్ రకపు మందు కూడా ఇవ్వాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు ఉంటుంది. రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, లివరు జబ్బు ఉన్నవారికి ఇవి సాధారణంగా ఇవ్వరు.

హార్మోన్లు పడనివారికి వెన్లాఫాక్సిన్, పారాక్సిటిన్, గాబాపెంటిన్ వంటి మందులు ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి, పారాక్సిటిన్ దానితో కలపకూడదు. సి.బి.టి. అనే కౌన్సెలింగ్ కూడా బాధను తగ్గిస్తుంది. ఏ మందైనా డాక్టరు చూసి రాయాలి. పక్కింటామె చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్ళకండి.

వెంటనే చూపించుకోవలసినవి

- ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనిపించినా
- గంటకో గుడ్డ మార్చవలసినంత రక్తస్రావం అయినా
- 40 ఏళ్ళ లోపే ముట్లు ఆగిపోయినా
- రాత్రి చెమటలతో పాటు జ్వరం, రెండు వారాలకు మించి దగ్గు, బరువు తగ్గడం ఉంటే. ఇది టీబీ కావచ్చు.
- దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటే. థైరాయిడ్ పరీక్ష చేయించాలి.
- షుగరు మందు వాడేవారికి ఆకలి, వణుకుతో చెమట పడితే. షుగరు పడిపోయి ఉండవచ్చు. వెంటనే చక్కెర నీళ్ళు తాగి తర్వాత పరీక్ష చేయించండి.

ముట్లు తప్పుతున్నాయి కదా అని గర్భం రాదనుకోకండి. 50 ఏళ్ళ లోపువారు చివరి ముట్టు తర్వాత రెండేళ్ళు, 50 దాటినవారు ఒక ఏడాది జాగ్రత్త పడాలి. కు.ని. ఆపరేషన్ అయినవారికి ఈ చింత లేదు.

కంపెనీ పనిలో ఉండి ఈ.ఎస్.ఐ. కార్డు ఉన్నవారికి నాచారంలోనే ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. బీపీ, షుగరు చూపించుకోవడానికి బస్తీ దవాఖానాకైనా వెళ్ళవచ్చు.

ఇంట్లోవారికి ఒక మాట

అన్నలారా, పిల్లలారా, అమ్మ ఊరికే కసురుకుంటోందని అనుకోకండి. నాకూ 48 ఏళ్ళప్పుడు నైట్ డ్యూటీలో ఆవిర్లు వచ్చేవి. వార్డులో చెమటలు తుడుచుకుంటూ ఉంటే ఒక చిన్న సిస్టరు ఏమీ అడగకుండా ఫ్యాను నా వైపు తిప్పి వెళ్ళింది. ఆ మేలు నేను మరిచిపోలేదు. రాత్రి అమ్మకు నిద్ర చాలకపోతే పొద్దున వంట మీరు అందుకోండి. డాక్టరు దగ్గరకు తోడు రండి.

ఆ రోజు నన్ను అడిగిన తల్లి డాక్టరమ్మకు చూపించుకుంది. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు, స్కానింగ్‌లో గర్భసంచి బాగానే ఉంది. ఆవిర్లు ఇంకా వస్తున్నాయి, కాని మందుతో రాత్రి నిద్ర పడుతోంది. ఆపరేషన్ మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు. మీలో ఎవరికైనా ఇదే బాధ ఉంటే ఓ.పి.లో నర్సును పక్కకు పిలిచి చెప్పండి. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

– నర్సింగ్ సూపరింటెండెంట్