నాటు తుపాకీ.. పేలేది గొట్టమే!

అడవిపందుల బారి నుంచి పంటను కాపాడుకోవాలని కొందరు, వేట సరదాతో మరికొందరు నాటు తుపాకులను ఆశ్రయిస్తున్నారు. చేతికందిన ఇనుప గొట్టం ఉంటే తుపాకీ సిద్ధమైనట్టేనన్నది వారి నమ్మకం. ఆ నమ్మకమే ప్రాణాంతకమవుతోంది. గురిపెట్టిన జంతువుకు తగలాల్సిన దెబ్బ, గొట్టం పగిలితే కాల్చిన వ్యక్తికే తగులుతుంది. చేతివేళ్లు, కళ్లు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఆపైన చట్టం దృష్టిలో నేరస్థుడిగానూ నిలబడాల్సి వస్తుంది.

కుక్కర్‌కు వందల రెట్లు

వంటింటి ప్రెషర్ కుక్కర్‌లో బయటి గాలి కంటే సుమారు 1 బార్ ఒత్తిడి మాత్రమే అధికంగా ఉంటుంది. 12 బోర్ తుపాకీలో తూటా పేలినపుడు గొట్టం లోపల ఒత్తిడి దాదాపు 700 బార్ల వరకు చేరగలదు. పెద్ద రైఫిళ్లలో అది 3,000 నుంచి 4,000 బార్లకు పైగా ఉంటుంది. ఇదంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో జరిగిపోతుంది. నీళ్ల కోసం చేసిన గొట్టం ఈ తాకిడిని తట్టుకునేందుకు ఉద్దేశించినది కాదు. అతుకు ఉన్నచోట, తుప్పు తిన్నచోట చీలిపోతుంది.

‘ఇదివరకు ఎన్నోసార్లు కాల్చాం, ఏమీ కాలేదు’ అన్న ధీమా కూడా పనికిరాదు. పేల్చిన ప్రతిసారీ లోహంలో కంటికి కనిపించని పగుళ్లు పెరుగుతూ పోతాయి. ఏ రోజు బద్దలవుతుందో ఎవరూ చెప్పలేరు. నాటు తుపాకీలో మందు మోతాదుకూ లెక్క ఉండదు కనుక ముప్పు రెట్టింపవుతుంది.

కర్మాగారంలో పరీక్ష ఇలా..

కర్మాగారాల్లో మిశ్రమ ఉక్కు కడ్డీని తొలిచి గొట్టం తయారు చేస్తారు. ఉక్కుకు తగిన గట్టిదనం వచ్చేలా వేడితో శుద్ధి చేస్తారు. రైఫిల్ అయితే లోపల మెలికలుగా గాడులు తీస్తారు. వాటి వల్ల తూటా బొంగరంలా తిరుగుతూ, దారి తప్పకుండా దూసుకుపోతుంది. 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాడుల నుంచి సెకనుకు 800 మీటర్ల వేగంతో వెలువడే తూటా సెకనుకు 2,600 సార్లకు పైగా తిరుగుతుంది.

చివరగా, మామూలు కంటే ఎక్కువ శక్తి గల తూటాను పేల్చి గొట్టాన్ని పరీక్షిస్తారు. తట్టుకున్న దానిపైనే ముద్ర వేస్తారు. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో ఇందుకోసం 1813లోనే ప్రత్యేక సంస్థను చట్టం ద్వారా నెలకొల్పారంటే దీని ప్రాధాన్యం అర్థమవుతుంది. ఇంటి వద్ద చేసిన గొట్టానికి ఈ పరీక్షలేవీ ఉండవు.

చట్టం ఏమంటోంది?

ఆయుధాల చట్టం-1959లోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీని తయారు చేయడం, అమ్మడం, మరమ్మతు చేయడం నిషిద్ధం. గొట్టాన్ని కత్తిరించి పొట్టిగా చేయడాన్ని 6వ సెక్షన్ నిషేధిస్తోంది. 2019 డిసెంబరులో సవరణతో శిక్షలు కఠినమయ్యాయి. అక్రమంగా తయారు చేస్తే కనీసం 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు జైలుశిక్ష, జరిమానా ఉంటాయి. లైసెన్సు లేని తుపాకీని దగ్గర ఉంచుకుంటే శిక్ష 2 నుంచి 5 ఏళ్ల వరకు ఉండవచ్చు. కనుక తయారుచేసి ఇచ్చిన కమ్మరితో పాటు కొన్న రైతు కూడా చిక్కుల్లో పడతాడు.

తాతల నాటి తుపాకీ ఉంటే..

లైసెన్సుదారు మరణిస్తే, ఆ ఆయుధాన్ని వారసులు ఆలస్యం చేయకుండా పోలీసుస్టేషన్‌లో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ అప్పగించాలి. అటక మీద దాచి ఉంచడం నేరమే. లైసెన్సుదారులు కూడా కాల్చే ముందు తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, గొట్టంలో మట్టి, గుడ్డపీలికలు, పురుగుల గూళ్లు లేవని చూసుకోవాలి. చిన్న అడ్డు ఉన్నా గొట్టం ఉబ్బి పగిలిపోవచ్చు. ఉబ్బు, పగులు కనిపిస్తే దానిని వాడటం మానివేసి, లైసెన్సు గల మరమ్మతుదారుకే చూపించాలి.

దారి ఉంది

పంట నష్టంపై అటవీశాఖకు ఫిర్యాదు చేసి పరిహారానికి దరఖాస్తు చేసుకోవచ్చు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం పంటకు హాని చేసే జంతువుపై చర్యకు అధీకృత అధికారి లిఖితపూర్వక అనుమతి అవసరం. రైతు తనంతట తాను కాల్చితే మరో కేసు తప్పదు.

నాటు తుపాకీ ఇంట్లో ఉన్నవారు దానిని పారవేయడానికో, విప్పడానికో ప్రయత్నించరాదు. అందులో మందు నింపి ఉండవచ్చు. గ్రామపెద్దలను, న్యాయవాదిని సంప్రదించి పోలీసులకు అప్పగించడమే క్షేమం. పంట పోతే మరుసటి ఏడాది పండించుకోవచ్చు. పోయిన చూపు తిరిగిరాదు.