నూరేండ్ల నాటి పరిమళము

పాతకాలపు పరిమళద్రవ్యపు సీసా చేతికి దొరికినప్పుడు మూత తీసి వాసన చూడవలెననిపించుట సహజము. అది స్త్రీల అలంకరణ పీఠములపై పేరు మోసిన ‘షాలిమార్’ అయినచో కుతూహలము మరింత హెచ్చును. కాని మూత తీసిన స్త్రీకి మొదట ఎదురగునది చాలవరకు ఆశాభంగమే. వార్నిష్‌ను, మక్కిన నూనెను తలపించు ఒక ఘాటు ముక్కును తాకును. పారిస్ నగరమును మోహింపజేసిన పరిమళ మిదియేనా యని ఆమె మూత బిగించి ప్రక్కన పెట్టును. అక్కడనే ఆమె తొందరపడినది.

షాలిమార్‌ను కూర్చినవాడు జాక్ గెర్లాన్. 1828లో పారిస్‌లో స్థాపితమైన గెర్లాన్ సంస్థలో ఈ విద్య వంశపారంపర్యముగా వచ్చినది. ఆయన పెదతండ్రి వరుసవాడైన ఎమే గెర్లాన్ 1889లో ‘జికీ’ అను పరిమళమును చేసినాడు. పూల తైలములతో బాటు రసాయనశాలలో పుట్టిన కూమరిన్, వనిలిన్ అను ద్రవ్యములను ధైర్యముగా వాడిన తొలి పరిమళములలో అది యొకటి. ఆ జికీలో వనిలిన్ కంటె కొన్ని రెట్లు తీవ్రమైన ఇథైల్ వనిలిన్‌ను కలిపి చూచుటతో షాలిమార్ పుట్టినదని ఒక కథ కలదు. కథ మాట యెట్లున్నను, 1925లో పారిస్‌లో జరిగిన అలంకార కళా ప్రదర్శనములో, నీలి విసనకఱ్ఱ వంటి మూత గల సీసాలో, అది లోకమునకు పరిచయమైనది.

పేరు మాత్రము మన దిక్కుది. షాజహాను ముంతాజుల ప్రేమకు నెలవైన ఉద్యానవనమును తలచి ఆ పేరు పెట్టిరని చెప్పుచుందురు. చరిత్ర బోధించు ఉపాధ్యాయుడు ఇచట కొంచెము ఆగవలెను. కాశ్మీరములోని షాలిమార్ తోటను 1619లో వేయించినవాడు జహంగీరు. లాహోరు తోటను వేయించినవాడు షాజహానే గాని, దాని పని 1641లో మొదలైనది. ముంతాజు 1631లోనే కన్నుమూసినది. ఆమె లాహోరు తోటలో విహరించెననుట ఎంత ఇంపుగా నున్నను చరిత్రకు పొసగదు.

ఇక సీసాలోని సంగతి. మంచి పరిమళము ఒక్కసారిగా పలుకదు. షాలిమార్‌లో తొలుత వినవచ్చునది బెర్గమాట్. ఇది ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో విరివిగా పండు ఒక నిమ్మజాతి ఫలము. దాని తొక్కనుండి తైలమును తీయుదురు. అది అరగంటలోపే చాలభాగము ఎగిరిపోవును. పిదప మల్లె, గులాబి, ఐరిస్ దుంప. అన్నిటి క్రింద, గంటల తరబడి నిలుచునవి వనిల్లా, సాంబ్రాణి వంటి బంకలు, పొగసోకిన తోలును తలపించు వాసన, ఇంచుక పునుగు. పునుగనగానే తెలుగువారికి తిరుమల తలపునకు వచ్చును. శుక్రవారాభిషేకానంతరము మూలమూర్తికి పూయు పునుగు తైలమును ఎరుగనివారు తక్కువ. పరిమళముల పనికి ఐరోపాకు పోయినది ఆఫ్రికా పునుగుపిల్లులది. జాతి వేరు, గుణము మాత్రము దగ్గరిది. ముద్దగా వాసన చూచినచో భరింపరానిది; లేశమాత్రము కలిసినచో పూలకు ప్రాణము వచ్చినట్లుండును.

వెలుతురు, వేడి, గాలి ఈ కూర్పును పైనుండి తినుచు వచ్చును. ముందుగా చెడునది బెర్గమాట్. దానిలోని లిమొనీన్ గాలి సోకి మారిపోవును. ఆ ఘాటు అందులోనిదే. వనిల్లా నల్లబడి ద్రవము ముదురు గోధుమరంగు దాల్చును గాని, దాని వాసన చాలకాలము నిలుచును. అనగా ఈ సీసా తొలి పత్రములు చెదలు తిన్న తాళపత్ర గ్రంథము వంటిది. అట్టి గ్రంథమును పండితుడు పారవేయడు. మిగిలిన చోటినుండి చదువును. ఇచట కూడ అదే పని. తెల్లకాగితపు ముక్కపై ఒక్క చుక్క వేసి, ముక్కు దరికి రానీయక అరగంట ఉంచవలెను. చెడినది చాలవరకు ఆవిరైన పిదప అప్పుడు చూడవలెను. మరల రెండు గంటలకు, మరల రాత్రికి.

అంగడిలో క్రొత్త షాలిమార్ దొరకుచుండగా ఈ శ్రమ యేల యనవచ్చును. కాని క్రొత్తది అచ్చముగా పాతది కాదు. బెర్గమాట్ తైలములోని బెర్గాప్టెన్ అను పదార్థము ఎండ తగిలినప్పుడు చర్మమును కందజేయును గనుక నేడు దానిని తొలగించి వాడుదురు. పునుగునకు బదులు రసాయనశాలలో చేసిన ద్రవ్యమును వాడుట వచ్చినది. పంజరములలోని మూగజీవుల బాధ తలచినచో ఇందుకు విచారింప పనిలేదు. అయినను పాఠము మారినమాట నిజము.

మూల పాఠము కొఱకు వెర్సాయ్ నగరమున ఒక భాండాగారము కలదు. 1990లో తెరచిన ఓస్మోతెక్ అను ఆ సంస్థ మరుగుపడిన పరిమళములను పాత యోగములను బట్టి మరల కూర్చి, గాలి సోకకుండ ఆర్గాన్ వాయువు నింపి, 12 డిగ్రీల చల్లదనమున చీకటిలో దాచుచున్నది. అచట విక్రయము లేదు. కాగితపు ముక్కను ముంచి అందించుదురు, అంతియే. ఆ ప్రతులు శుద్ధమైనవే గాని, అవి నేటి చేతులు వ్రాసిన ప్రతులు. 1925 తరువాతి యేండ్లలో ఒక స్త్రీ కొని, దాచుకొని, పండుగ పబ్బములకు మాత్రము తీసిన ద్రవ్యము పాత సీసాలోనే యున్నది. చివరి అధ్యాయము వరకైనను దానినే నమ్మవచ్చును.

మూత బిగించి ప్రక్కన పెట్టిన ఆ స్త్రీ, కాగితపు ముక్కను పుస్తకములో నుంచి మరచిపోయినదనుకొందము. మరునాటి ఉదయము పుట తెరచినచో వార్నిష్ ఘాటు జాడ లేదు. వనిల్లా, కొంచెము పొగ, సాంబ్రాణి, వాటి మాటున మెల్లగా పునుగు.