ఈగ కాలి మీద కన్ను ఎలా మొలిచింది?

మగ్గిన అరటిపండు మీద ముసిరే చిన్న ఈగల్ని చూశారుగా? 1995లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో వాల్టర్ గేరింగ్ బృందం అలాంటి ఈగల కాళ్ల మీద, రెక్కల మీద కళ్లు మొలిపించింది!

ఎలా? ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ అవే జన్యువులుంటాయి. కాలి కణంలోనూ కన్ను కట్టే జన్యువులున్నాయి, కాకపోతే నిద్రలో ఉంటాయి. వాటిని లేపేది ‘ఐలెస్’ జన్యువు తయారుచేసే ప్రొటీన్. (ఆ జన్యువు చెడితే ఈగకు కళ్లు సరిగా రావు, అందుకే ఆ పేరు.) ఆ ప్రొటీన్ డీఎన్‌ఏ మీద తన చోటు వెతుక్కుని అతుక్కుంటుంది. ఇక ఒక జన్యువు మరొకదాన్ని, అది ఇంకొకదాన్ని లేపుతూ పోతాయి. పురుగు దశలోనే, కాలుగా మారబోయే కణాల్లో ఈ ప్రొటీన్ తయారయ్యేలా చేశారు వాళ్లు.

నాకు అన్నిటికంటే అబ్బురం ఇది: చిట్టెలుకలోని అలాంటి జన్యువును ఈగలో పెట్టినా కన్ను మొలిచింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే! మనలోనూ అది ఉంది, పేరు పాక్స్-6. అది దెబ్బతింటే మన కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం సరిగా ఏర్పడదు.