సెకనులో వెయ్యో వంతు

"సాగర్ గేట్లెత్తిండ్రట!" ఈ మాట చెవిన పడితే నల్లగొండ, మిర్యాలగూడ నుంచి బండ్లన్నీ నాగార్జునసాగర్ దారి పడతాయి. 26 క్రస్ట్ గేట్లలో నాలుగైదు లేపినా చాలు, దిగువన కొత్త వంతెన మీద ఫోన్లు లేస్తాయి. ఇంటికెళ్లి చూసుకుంటే మాత్రం ఎగిరే కొంగ ఒక తెల్లటి గీత, పరుగెత్తే పిల్లవాడు ఒక మసక. నింద ఫోన్ మీద పడుతుంది. చాలాసార్లు తప్పు ఫోన్‌ది కాదు, కెమెరాలోకి వెలుతురును వదిలే షట్టర్ ఎంతసేపు తెరిచి ఉందన్నదాంట్లోనే ఉంటుంది.

చిన్న లెక్క చూడండి. విజయవాడ హైవే మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బస్సు సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే ఆలోపు బస్సు 28 సెంటీమీటర్లు జరిగిపోతుంది. నంబర్ ప్లేటు అలుక్కుపోతుంది. వెయ్యో వంతుకు తగ్గిస్తే జరిగేది రెండు సెంటీమీటర్లలోపే. అదే బస్సు మనకు అడ్డంగా కాక ఎదురుగా వస్తుంటే మసక ఇంకా తగ్గుతుంది. నిలబడే చోటు మార్చుకోవడం ఖర్చులేని ఉపాయం.

ఈ వెయ్యో వంతు తేలిగ్గా దొరకలేదు. ఫిల్మ్ బదులు తడి గాజు ప్లేట్లు వాడిన పాత కాలంలో ఫొటోకు సెకన్ల కొద్దీ కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ దారి పొడవునా కెమెరాలు వరుసగా పెట్టి, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్క క్షణం నేలను వదులుతాయని చూపించాడు. వేగంగా పనిచేసే పొడి ప్లేట్లు వచ్చాక మన దగ్గర లాలా దీన్‌దయాళ్ సైనిక విన్యాసాలనూ కెమెరాకెక్కించాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయన్ను ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా పెట్టుకుని 'రాజా' బిరుదిచ్చాడు.

షట్టర్ వేగానికి వెల వెలుతురు. మిట్టమధ్యాహ్నం వెయ్యో వంతు సులువే. రాత్రి ఊళ్లో ఫ్లడ్‌లైట్ల కింద కబడ్డీ తీయాలంటే ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచక తప్పదు; బొమ్మలో ఇసుక రాలినట్టు చుక్కలు వస్తాయి. అలాంటప్పుడు ఆటే సాయం చేస్తుంది: పైకెగిరిన రైడర్ కిందికి దిగబోయే ముందు ఒక్క క్షణం దాదాపు ఆగుతాడు. క్లిక్ అక్కడ పడాలి. ఆ వేగం దొరక్కపోతే, పరుగెత్తే బైక్‌ను తీసేటప్పుడు దాంతోపాటు కెమెరానూ సమానంగా తిప్పుతూ నొక్కవచ్చు. వెనక చెట్లు గీతలైపోతాయి, బండి మాత్రం నిలుస్తుంది.

ఫోన్లకు ఇంకో చిక్కుంది. చాలా ఫోన్లు బొమ్మను ఒకేసారి కాక వరుస తర్వాత వరుసగా చదువుతాయి. అందుకే తిరిగే ఫ్యాన్ రెక్కలు వంకరపోతాయి, పక్కనుంచి దూసుకెళ్లే బస్సు వాలినట్టు కనిపిస్తుంది.

ఇంతా చేసి, సాగర్ నీటిని పూర్తిగా నిలిపేయడం అందమేనా? వెయ్యో వంతులో ప్రతి తుంపరా విడిగా కనిపిస్తుంది, ఉరవడి మాత్రం చచ్చిపోతుంది. కాస్త నిదానంగా, 60వ వంతులో తీసిన ఫొటోలోనే ఆ నీటి బలం తెలుస్తుంది. కొంగకు వెయ్యి, నీటికి అరవై: ఈసారి షట్టర్ వేగాన్ని మనమే ఎంచుకునే ప్రో మోడ్‌లో రెండూ పెట్టి చూడండి. ఫొటో కోసం రైలింగ్ మాత్రం దాటకండి.