గృహమునకు తగిన బ్రాడ్‌బ్యాండు

మంచమున్నంతవరకే కాళ్లు చాచుకొనవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఆ మాట ధనవ్యయమును గూర్చి పుట్టినదే యైనను, నేడు మన యిండ్లలోనికి వచ్చిన ఇంటర్నెట్టు విషయమునను చక్కగా వర్తించుచున్నది. తన యింటి అవసరమెంతయో లెక్కింపక, ప్రకటనలోని పెద్ద అంకెను మాత్రమే చూచి బ్రాడ్‌బ్యాండు ప్యాకేజి కొన్నవాడు నెల ముగియకమునుపే చిక్కులలో పడును. ఆ లెక్క కష్టమైనది కాదు. ఎనిమిదవ తరగతి గణితము దానికి చాలును.

మన దేశమున సామాన్య ప్రజలకు ఇంటర్నెట్టు సేవ 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ప్రారంభమైనది. ఆనాడు టెలిఫోను తీగ ద్వారా లభించిన వేగము సెకనుకు 9.6 కిలోబిట్లు మాత్రమే. ఆ వేగముతో 5 మెగాబైట్ల పాట నొకదానిని దించుకొనుటకు గంటకు పైగా పట్టును. 2004లో ప్రభుత్వము ప్రకటించిన విధానము సెకనుకు 256 కిలోబిట్లకు తగ్గని వేగమును బ్రాడ్‌బ్యాండుగా నిర్ణయించినది. ఈ కనీస వేగము 2013లో 512 కిలోబిట్లకును, 2023లో 2 మెగాబిట్లకును పెంచబడినది. నేడు వెండ్రుక వలె సన్ననైన గాజు తంతువులలో సమాచారము కాంతిరూపమున ప్రయాణించుచున్నది. ఇట్టి తంతువులు దూరప్రాంతములకు వార్తలు పంపుటకు పనికివచ్చునని 1966లో చార్లెస్ కావో అను శాస్త్రజ్ఞుడు తన సహచరునితో కలిసి వివరించెను. ఆ కృషికి 2009లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇక లెక్కకు వత్తము. మొదట తెలిసికొనవలసినది బిట్టునకును బైటునకును గల భేదము. 8 బిట్లు ఒక బైటు. వ్యాపారులు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. మనము దించుకొను వస్తువుల పరిమాణము మెగాబైట్లలోను, గిగాబైట్లలోను ఉండును. కావున సెకనుకు 100 మెగాబిట్లనగా, సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. ఈ భేదము నెరుగనివాడు తాను కొన్నదానికి ఎనిమిది రెట్లు ఆశించి, మోసపోయితినని వగచును.

ఉదాహరణము చూడుడు. ఒక విద్యార్థి 60 గిగాబైట్ల వస్తువు నొకదానిని దించుకొనదలచెననుకొందము. వేయి మెగాబైట్లను ఒక గిగాబైటుగా గ్రహించినచో, 60 గిగాబైట్లు 4,80,000 మెగాబిట్లగును. సెకనుకు 50 మెగాబిట్ల వేగమున దీనికి 9,600 సెకనులు, అనగా 2 గంటల 40 నిమిషములు పట్టును. వేగము 100 మెగాబిట్లైనచో 1 గంట 20 నిమిషములు చాలును.

అట్లయిన వేగమెంత హెచ్చైన అంత మంచిది కదాయని మీరు తలపవచ్చును. ఇక్కడనే రెండవ విషయము అడ్డువచ్చును. అది నెలకు విధింపబడిన హద్దు. దీనిని వ్యాపారులు ‘ఫేర్ యూసేజ్ పాలసీ’ యందురు. హద్దు దాటిన వెనుక సేవ ఆగదు. కాని వేగము పూర్తిగా తగ్గిపోవును. ‘అపరిమితము’ అని పెద్ద అక్షరములలో ముద్రింపబడిన ప్యాకేజీలలో సైతము ఈ హద్దు చిన్న అక్షరములలో కానవచ్చును. కొన్నింట అది నెలకు 3300 గిగాబైట్లు. సెకనుకు 100 మెగాబిట్ల వేగమున ఎడతెగక దించుకొన్నచో ఆ హద్దును 73 గంటల 20 నిమిషములలో చేరవచ్చును. వేగము గొట్టము వెడల్పు వంటిది. నెలసరి హద్దు తొట్టిలోని నీటి వంటిది. గొట్టము వెడల్పు చేసినంతమాత్రమున తొట్టిలో నీరు పెరుగదు, త్వరగా ఖాళీయగును.

ఒక కుటుంబమును ఊహింతము. తండ్రి ఉపాధ్యాయుడు. పెద్ద కుమారుడు చలనచిత్రముల కూర్పును నేర్చుకొనుచు, అభ్యాసమునకై దినమునకు 20 గిగాబైట్ల దృశ్యములను దించుకొనును. చిన్న కుమార్తె పోటీ పరీక్షకు చదువుచు దూరదృశ్య పాఠములు వినును. అందులకు దినమునకు 2 గిగాబైట్లు. ఇంటివారందరును రాత్రి రెండు గంటలు స్పష్టమైన చిత్రములు చూతురు. గంటకు సుమారు 3 చొప్పున 6 గిగాబైట్లు. తక్కిన పనులకు మరి 2. వెరసి దినమునకు 30, నెలకు 900 గిగాబైట్లు.

ఈ యింటికి రెండు ప్యాకేజీలు సమానమైన వెలకు దొరకినవనుకొందము. మొదటిదాని వేగము 300 మెగాబిట్లు, హద్దు 600 గిగాబైట్లు, హద్దు దాటినచో 2 మెగాబిట్లు. రెండవదాని వేగము 60 మెగాబిట్లే. హద్దు 3300 గిగాబైట్లు. ప్రకటన చూచినవారు మొదటిదానినే కోరుదురు. అన్నగారి నిత్యకార్యము దానియందు 9 నిమిషములలో ముగియును. రెండవదానియందు సుమారు 45 నిమిషములు పట్టును. కాని మొదటి ప్యాకేజి హద్దు ఇరువదవ దినముతో తీరిపోవును. ఇరువదియొకటవ దినమున అదే 20 గిగాబైట్లకు 22 గంటలకు పైగా కావలెను. అంతసేపును తీగ యంతయు అతని పనికే చాలదు. చెల్లెలి పాఠము మాటిమాటికి నిలిచిపోవును. పరీక్ష నెలాఖరున ఉన్నచో ఆ నష్టమును పూడ్చు ధనమేది? 36 నిమిషముల ఓపిక ఆ పది దినముల బాధను తప్పించెడిది.

మూడవ విషయము పంపకము. నేడు విరివిగా వాడుకలోనున్న ‘జీపాన్’ పద్ధతిలో ఒక గాజు తంతువునకు సెకనుకు సుమారు 2500 మెగాబిట్ల శక్తి కలదు. దానిని సాధారణముగా 32 గాని, 64 గాని యిండ్లు పంచుకొనును. 64 ఇండ్లవారును ఒకే క్షణమున దించుకొన మొదలిడినచో ఇంటికి 40 మెగాబిట్లైనను దక్కవు. నాట్ల కాలమున అందరును ఒకేసారి తూములు తెరచినచో కాలువ నీరు ఎవ్వరికిని చాలదు కదా! కావుననే ప్రకటనలలో ‘ఇంతవరకు’ అను మాట యుండును. ప్యాకేజి కొనుటకు ముందు, అదే సంస్థ సేవను పొందుచున్న ఇరుగుపొరుగువారిని రాత్రి 8 మొదలు 10 గంటల నడుమ వేగమెట్లుండునో అడిగి తెలిసికొనవలెను. రైతులు నీటికి వంతులు వేసికొన్నట్లు, ఇంటిలో పెద్ద వస్తువులను దించుకొను పనిని అందరును నిద్రించు వేళకు మార్చుకొన్న మరియు మంచిది.

మరికొన్ని చిన్న విషయములు కలవు. చెప్పిన వెలపై నూటికి 18 వంతున పన్ను చేరును. 800 రూపాయల ప్యాకేజికి చెల్లింపవలసినది 944 రూపాయలు. మనము పంపు వేగము దించుకొను వేగముతో సమానమో కాదో విచారింపవలెను. 100 మెగాబిట్లకు మించని పాత రూటరునకు 300 మెగాబిట్ల తీగ తగిలించిన ప్రయోజనము లేదు. గాలిలో వ్యాపించు తరంగములు గోడలను దాటునప్పుడు బలహీనమగును. గాన ఎక్కువగా దించుకొను యంత్రమును రూటరునకు తీగతో కలుపుట మేలు. సేవ ఎట్లున్నదో చూడకమునుపే సంవత్సరపు రుసుము ముందుగా చెల్లింపరాదు.

తుదకు ఒక్క మాట. దించుకొనదగినవి లోకమున పెక్కు గలవు. ఆంగ్ల వికీపీడియా సచిత్ర ప్రతి యొక్కటియే 100 గిగాబైట్లకు మించును. దానిని ఉచితముగా తెచ్చుకొని ఇంటర్నెట్టు లేని పాఠశాలలోను చదువవచ్చును. కాని యితరుల చలనచిత్రములను వారి అనుమతి లేక దొంగతనముగా వ్యాప్తి చేయు తావులనుండి గ్రహింపరాదు. 1957 నాటి గ్రంథస్వామ్య చట్టము రచయితల శ్రమకు రక్షణ కల్పించుచున్నది.

బాలబాలికలారా! మీ యింట ఇట్టి నిర్ణయము జరుగునపుడు ఒక కాగితము తీసికొని, ఎవరికి దినమునకెంత కావలెనో వ్రాసి, ముప్పదిచే గుణించి, పైన నాలుగవ వంతు చేర్చుడు. ఆ మొత్తము హద్దులోపల నుండు ప్యాకేజీలను మాత్రమే వేరుచేసి, అటుపిమ్మట వేగమును, వెలను పోల్చుడు. మీ తల్లిదండ్రుల కష్టార్జితము వ్యర్థము కాకుండ కాపాడుటకు ఆ కాగితమొక్కటి చాలును.