రేకు నలిగింది.. నాన్న మిగిలారు!

పోయినేడాది మా నాన్న కారు డివైడర్‌ని గుద్దేసింది. బానెట్ నుజ్జునుజ్జు. బెల్ట్ పెట్టుకున్న నాన్నకి మాత్రం చిన్న గీత కూడా పడలేదు. అయినా ఆయన కోపమంతా కారు మీదే: "ఇది కారా, రేకు డబ్బానా!"

నిజానికి అలా నలగడమే బానెట్ డ్యూటీ. కారు ముందుభాగం మడతలు పడుతూ గుద్దిన దెబ్బని తన మీదే తీసుకోవాలి. మనం కూర్చునే క్యాబిన్ మాత్రం వంగకూడదు. మెర్సిడెస్ 1959లోనే ఈ ఐడియాతో కారు తెచ్చింది.

ఖరీదైన కార్లలోనూ ఇదే లెక్క. 1994లో వచ్చిన ఆడి ఏ8 బాడీ అల్యూమినియంతో చేసింది, అందుకే తేలిక. 2017 మోడల్‌కి వచ్చేసరికి కంపెనీ రూటు మార్చింది. అల్యూమినియం 58 శాతమే. వెనక సీటు వెనకాల కార్బన్ ఫైబర్ ప్యానెల్, ఇంజిన్ పైన మెగ్నీషియం బ్రేస్. మనుషుల చుట్టూ మాత్రం ఎర్రగా కాల్చి అచ్చులో నొక్కిన ఉక్కు! బాడీ బరువు పాతదానికంటే పెరిగినా సరే అనుకున్నారు.

అందుకే షోరూమ్‌లో డోర్ మీద టకటకా కొట్టి చూస్తే ఏమీ తెలీదు. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్ట్‌లో ఎన్ని స్టార్లు వచ్చాయో చూడండి. మా నాన్న ఇప్పుడు అదే అడుగుతున్నారు.